ముందు వేళ్లు చూడాలి

సికింద్రాబాద్‌ లాలాగూడలోని రైల్వే వర్క్‌షాపులో బోగీ పక్కన పనిచేస్తున్న ఫిట్టర్‌ ఒకరు కాలు జారి పడ్డారనుకుందాం. మోకాలి కింద కాలు వంకరపోయింది. చుట్టూ చేరినవాళ్ల కళ్లన్నీ ఆ వంకర మీదే ఉంటాయి. ప్రథమ చికిత్స నేర్చుకున్న మనిషి మాత్రం ముందు బూటు లేసు విప్పుతాడు. కాలు కదలకుండా మేజోడు కత్తిరించి వేళ్లు చూస్తాడు. వెచ్చగా ఉన్నాయా, చల్లబడ్డాయా? రంగు మారిందా? తాకితే తెలుస్తోందా? బొటనవేలు పైకి లేపగలుగుతున్నాడా?

విరిగింది ఒకచోట, అతను వెతుకుతున్నది మరోచోట. ఎముక విరిగిన సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది. చాలాసార్లు అది కొన్ని గంటలు ఆగగలదు. రక్తం అందని కండ అంతసేపు ఆగలేదు. అత్యవసర వైద్యంలో ఎముకలు, కీళ్లు, కండరాల గాయాలకు సంబంధించిన జాగ్రత్తలు చాలావరకు ఈ తేడా నుంచి పుట్టినవే.

లాలాగూడకు ఇనుముతో అనుబంధం పాతది. వాడి జంక్షన్‌ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు మార్గం వచ్చింది. 1893లో నిజాం గ్యారంటీడ్‌ స్టేట్‌ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టింది. దాని చుట్టూ క్వార్టర్లు, బడులు, మైదానాలు వెలిశాయి. తర్వాతి కాలంలో విద్యుత్‌ లోకో షెడ్‌ కూడా వచ్చింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్‌ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఆ జోన్‌కంతటికీ పెద్దదైన కేంద్రీయ రైల్వే ఆసుపత్రి ఉన్నదీ లాలాగూడలోనే. సుమారు నలభై టన్నుల బోగీని పైకెత్తి, చక్రాలు విడదీసి, మళ్లీ బిగించే చోట గాయం దూరపు చుట్టమేమీ కాదు. అందుకే రైల్వేల్లో ప్రథమ చికిత్స ఉద్యోగంలో భాగమైంది. ఇంగ్లండ్‌లో 1877లో మొదలైన సెయింట్‌ జాన్‌ అంబులెన్స్‌ దగ్గర తొలినాళ్లలో శిక్షణ పొందినవారిలో రైల్వే కార్మికులు, గని కార్మికులే ఎక్కువ. భారతీయ రైల్వేల్లోనూ ఆ సంస్థ శాఖలు పనిచేస్తున్నాయి. ప్రథమ చికిత్సలో పోటీలు కూడా జరుగుతాయి. ప్రమాదం జరిగితే వైద్యులను, పడకలను, శస్త్రచికిత్స బల్లను తీసుకుని పట్టాల మీదే బయలుదేరే ప్రత్యేక వైద్య బోగీలున్నాయి.

గాయపడినవారికి అర్థమయ్యేలా, వైద్యుడికి తికమక లేకుండా చెప్పడానికి తెలుగులో ఒక చిక్కుంది. మన వాడుకలో ‘నరం’ అన్న ఒక్క మాట మూడు పనులు చేస్తుంది. నరం పట్టేసిందంటాం, నరం తెగిందంటాం, నరాల బలహీనత అంటాం. శరీరంలో ఇవి మూడు వేర్వేరు వస్తువులు. కండను ఎముకకు కట్టే తాడు టెండన్‌. రక్తాన్ని మోసేది రక్తనాళం. మెదడు నుంచి కబురు తెచ్చేది నాడి. వీటికి తోడు ఎముకను ఎముకతో కలిపే పట్టీ లిగమెంట్‌. లిగమెంట్‌ సాగినా చిరిగినా అది బెణుకు. కండ గానీ దాని తాడు గానీ సాగి చిరిగితే మనం పట్టేసిందంటాం. కీలులో ఎముక తన గూటి నుంచి బయటికొస్తే అది కీలు తొలగడం, భుజంలో అయితే గూడ జారడం. ‘నరం’ అన్నప్పుడు నొప్పి ఎక్కడ, తిమ్మిరి ఉందా, వేళ్లు కదులుతున్నాయా అని విడిగా చెప్పగలిగితే సగం పరీక్ష అక్కడే పూర్తవుతుంది.

మడమ వెనకాల ఉండే లావుపాటి తాడునే తీసుకోండి. నడివయసులో చాన్నాళ్ల తర్వాత షటిల్‌ ఆడబోయినవారికి అది ఠప్పున తెగుతుంది. ఎవరో వెనకనుంచి తన్నారనుకుని వాళ్లు తిరిగి చూస్తారు. తర్వాత ఎలాగో కుంటుతూ నడవగలుగుతారు కాబట్టి బెణుకే అనుకుని వారాలు గడిపేస్తారు. బోర్లా పడుకోబెట్టి పిక్కను చేత్తో నొక్కితే మామూలుగా పాదం కిందికి వంగాలి. వంగకపోతే ఆ తాడు తెగిందని వైద్యులు గట్టిగా అనుమానిస్తారు. ఇందుకు యంత్రమేదీ అక్కర్లేదు.

ఎముక విరిగిందా, బెణికిందా అన్నది ప్రతి ఇంట్లోనూ వచ్చే సందేహం. కాలు మెలికపడిన ప్రతివారికీ ఎక్స్‌రే తీయాలా? కెనడాలోని ఒట్టావాలో ఇయాన్‌ స్టీల్‌ అనే వైద్యుడి బృందం 1992లో దీనికి కొన్ని తేలిక సూత్రాలు ప్రకటించింది. దెబ్బ తగిలిన వెంటనే గానీ, ఆసుపత్రికి వచ్చాక గానీ నాలుగడుగులు వేయగలిగారా? చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చే ఎముకల వెనక అంచున ఆరు సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి పుడుతోందా? పాదం బయటి అంచు మధ్యలో ఉండే ఎముక గుబ్బ మీద, లోపలి వంపు పైన ఉండే ఎముక మీద నొప్పి ఉందా? నడవగలిగి, ఆ చోట్ల నొప్పి లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం బహు తక్కువ. ఈ పద్ధతి వచ్చాక అనవసరపు ఎక్స్‌రేలు దాదాపు మూడోవంతు తగ్గాయి. మద్యం తాగి ఉన్నవారికి, స్పర్శ తెలియనివారికి, మరీ చిన్నపిల్లలకు మాత్రం ఈ సూత్రాలు పనికిరావు. సంవత్సరాలుగా షుగర్‌తో పాదాలు మొద్దుబారినవారు నొప్పి లేదని ధైర్యపడకూడదు.

మణికట్టు విషయంలో ఎక్స్‌రే కూడా మొదట మోసం చేయొచ్చు. చెయ్యి ఆనించి పడ్డప్పుడు బొటనవేలి మొదట్లో, రెండు తాళ్ల మధ్య గుంటపడేచోట నొప్పి పుడితే స్కాఫాయిడ్‌ అనే చిన్న ఎముక విరిగి ఉండొచ్చు. మొదటిరోజు ఫిల్ములో ఆ గీత కనిపించకపోవచ్చు. అందుకే వైద్యులు కట్టు వేసి పంపి, పది పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఫిల్ము తీస్తారు, లేదా ముందే స్కానింగ్‌ చేయిస్తారు. ఆ ఎముకకు రక్తం కొసవైపు నుంచి వెనక్కి వస్తుంది. పట్టించుకోకపోతే సగం ముక్క రక్తం లేక చచ్చుబడుతుంది.

రక్తం సంగతి చిన్న ఎముకల్లోనే ఇంత ఉంటే, తొడ ఎముకలో ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. పెద్దవారి ఒంట్లో ఉండే రక్తం సుమారు ఐదు లీటర్లు. తొడ ఎముక విరిగితే చర్మం మీద గీత పడకుండానే ఒక లీటరు నుంచి లీటరున్నర దాకా తొడలోకే కారిపోతుంది. కటి వలయం చిట్లితే అంతకు మించి పోతుంది. పైకి చుక్క రక్తం కనిపించదు. మనిషి పాలిపోయి, చెమటలు పట్టి, దాహం దాహం అంటుంటే అది భయం కాదు, లోపలి రక్తస్రావం. కటి విరిగిందన్న అనుమానం వస్తే మనిషిని అటూ ఇటూ దొర్లించి చూడటం, తుంటిని నొక్కి పరీక్షించడం ప్రమాదం. శిక్షణ పొందినవారు మడతపెట్టిన దుప్పటినో వెడల్పాటి పట్టీనో బొడ్డు దగ్గర కాకుండా, ఇంకా కిందికి, తొడలు మొదలయ్యేచోట పక్కలకు తగిలే ఎముకల మట్టానికి చుట్టి బిగిస్తారు. విచ్చుకున్న వలయం దగ్గరపడితే లోపల రక్తం పోగయ్యే చోటు తగ్గుతుంది.

తొడ ఎముక కథలో ఒక కుటుంబ చరిత్ర కూడా ఉంది. బ్రిటన్‌లోని వేల్స్‌ ప్రాంతంలో తరతరాలుగా ఎముకలు కట్టే ఇంటి నుంచి వచ్చినవాడు హ్యూ ఓవెన్‌ థామస్‌. తండ్రి నాటు కట్లు కట్టేవాడు. కొడుకు వైద్యం చదివి లివర్‌పూల్‌లో స్థిరపడి, గజ్జ దగ్గర వలయం, కాలికి రెండు పక్కలా కమ్ములు ఉండే చట్రాన్ని రూపొందించాడు. కాలిని పొడవుగా లాగి పట్టి ఉంచడం దాని పని. విరిగిన తొడను కండరాలు కుదించేస్తాయి, తొడ గుండ్రంగా ఉబ్బి ఎక్కువ రక్తం పడుతుంది, ముక్కల కొసలు లోపలి కండను చీలుస్తాయి. సాగదీసి పడితే ఈ మూడూ ఆగుతాయి. మొదటి ప్రపంచయుద్ధం తొలి సంవత్సరాల్లో తూటా తగిలి తొడ విరిగిన సైనికుల్లో 80 శాతం దాకా చనిపోయేవారని అప్పటి వైద్యులు లెక్కగట్టారు. థామస్‌ మేనల్లుడి వరసైన రాబర్ట్‌ జోన్స్‌ ఆ చట్రాన్ని యుద్ధరంగానికి చేర్చాడు. గాయపడినచోటే దాన్ని కట్టడం మొదలయ్యాక, 1917 ఆరాస్‌ యుద్ధంలో ఆ మరణాలు దాదాపు 16 శాతానికి దిగాయి. అప్పటికి యాంటీబయాటిక్‌లు పుట్టనేలేదు. గాయాలను శుభ్రం చేసే శస్త్రచికిత్స మెరుగుపడటంతో పాటు కదలికను ఆపడమే అంత తేడా తెచ్చింది.

ఆ నాటు కట్టు సంప్రదాయం మనకూ ఉంది. సుశ్రుత సంహిత కీలు తొలగడాన్ని ఆరు రకాలుగా, ఎముక విరగడాన్ని పన్నెండు రకాలుగా విడదీసింది. చెట్టు బెరడుతో, వెదురుతో బద్దలు కట్టమంది. పుత్తూరు కట్టు పేరు తెలుగునాట వినని ఇల్లు ఉండదు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దల కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం అక్కడికి వెళ్తారు. హైదరాబాద్‌ పాతబస్తీలో కుస్తీ పహిల్వాన్లు పట్టీలు కట్టే దుకాణాలున్నాయి. బద్ద కట్టి కదలిక ఆపాలన్న వాళ్ల మూలసూత్రంలో తప్పు లేదు, ఆధునిక వైద్యం చేసేదీ అదే. ప్రమాదం మరోచోట ఉంది. కట్టు బిగువులో, కట్టిన తర్వాత వేళ్లను చూడకపోవడంలో.

చేతిలోనూ కాలిలోనూ కండరాలు గట్టి పొరల సంచుల్లో ఉంటాయి. ఆ పొర సాగదు. లోపల రక్తమో వాపో పెరిగితే సంచిలో ఒత్తిడి పెరిగి, ముందు సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. దాన్నే కంపార్ట్‌మెంట్‌ సిండ్రోమ్‌ అంటారు. బయటి నుంచి బిగుతు కట్టు తోడైతే చెప్పనక్కర్లేదు. ఇలా ఆరేడు గంటలు గడిస్తే కండ చచ్చిపోయి తాడులా ముడుచుకుంటుంది. 1881లో జర్మన్‌ వైద్యుడు రిచర్డ్‌ ఫోక్‌మన్‌ బిగుతు కట్ల వల్ల కొక్కెంలా వంగిపోయిన చేతులను వర్ణించాడు. నేటికీ ఆ వైకల్యం ఆయన పేరుతోనే ఉంది. అది నాటు కట్టుతోనూ వస్తుంది, పెద్దాసుపత్రి పిండికట్టుతోనూ వస్తుంది. కట్టు ఎవరు కట్టారన్నది ఆ కండకు తెలియదు.

కంపార్ట్‌మెంట్‌ సిండ్రోమ్‌ గుర్తులు సూక్ష్మమే గానీ మరిచిపోలేనివి. దెబ్బకు తగినంత కాకుండా అంతకు మించి నొప్పి. మందు వేసినా తగ్గకుండా గంటగంటకూ పెరిగే నొప్పి. వేళ్లను ఇంకొకరు మెల్లగా చాపబోతే ప్రాణం పోయినంత బాధ. తర్వాత తిమ్మిరి. వేళ్లు పాలిపోవడం, చల్లబడటం, నాడి (పల్స్‌) అందకపోవడం చివరి దశ గుర్తులు, వాటి కోసం ఎదురుచూడకూడదు. ఆసుపత్రిలో కట్టును పూర్తిగా కోసి తీస్తారు. అప్పటికీ తగ్గకపోతే ఆ పొరను పొడుగునా చీల్చి కండకు ఊపిరి పోస్తారు.

కీలు తొలగినప్పుడూ అదే తొందర, వేరే కారణంతో. కారు ముందుసీట్లో కూర్చున్నవారి మోకాలు డాష్‌బోర్డుకు కొట్టుకుంటే తుంటి కీలు వెనక్కి జారొచ్చు. తొడ ఎముక తలకు రక్తం తెచ్చే సన్నని నాళాలు అప్పుడు నలిగిపోతాయి, కాబట్టి ఆరు గంటల లోపు కీలును గూట్లో పెట్టడానికి వైద్యులు ప్రయత్నిస్తారు. మోకాలు పూర్తిగా తొలగితే దాని వెనకే పోయే పెద్ద రక్తనాళం చిరిగి ఉండొచ్చు. మోకాలు దానంతటదే సర్దుకున్నా ఆ నాళాన్ని పరీక్షించి తీరాలి. తొలగేవాటిలో ఎక్కువగా కనిపించేది గూడ, అదీ ముందువైపుకు. పక్కవాళ్లు కాలు దన్ను పెట్టి చెయ్యి లాగేయడం సినిమాల్లో చూడటానికే బాగుంటుంది. లోపల ఎముక కూడా విరిగి ఉంటే ఆ లాగుడుకు నాడి తెగుతుంది. పైగా నొప్పితో బిగుసుకున్న కండరాలు సడలకుండా కీలు లోపలికి పోదు. అందుకే సర్దడానికి ముందు మత్తు. మత్తు సంగతిలో హైదరాబాద్‌ ప్రపంచ వైద్య చరిత్రకెక్కింది. క్లోరోఫాం ఎంత క్షేమమన్నది తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్‌ ఎడ్వర్డ్‌ లారీ చొరవతో, నిజాం ఆదరణతో 1888, 1889ల్లో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి.

పిల్లల ఎముకలు పచ్చి కొమ్మల్లాంటివి, పూర్తిగా విరగకుండా ఒకవైపు చీలి వంగుతాయి. వాటి కొసల్లో ఎదుగుదల పొర ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే పెద్దయ్యాక చెయ్యి పొట్టిగానో వంకరగానో మిగలొచ్చు. సంక్రాంతి గాలిపటాల వేళ డాబాల మీద నుంచి, గోడల మీద నుంచి చెయ్యి చాపి పడిన పిల్లలకు మోచేతి పైభాగం విరగడం మామూలు. అక్కడ రక్తనాళం, నాడులు ఎముకను ఆనుకునే పోతాయి, కాబట్టి ఆ పిల్లల వేళ్లను మరీ జాగ్రత్తగా చూడాలి. మోచేతికి దెబ్బ తగిలాక నూనెతో రుద్దడం, మాలిష్‌ చేయడం వల్ల కండలో ఎముక పేరుకుని చెయ్యి వంగకుండా బిగుసుకుపోవచ్చు. నాలుగేళ్ల లోపు పిల్లను ఒంటిచేత్తో పట్టి పైకి లేపితే మోచేతిలో ఒక ఎముక తన పట్టీ నుంచి జారొచ్చు. పిల్ల ఆ చెయ్యి కదపడం మానేస్తుంది. వైద్యుడు దాన్ని క్షణాల్లో సర్దుతాడు.

పెద్దవారి ప్రమాదం బాత్‌రూమ్‌లోనే మొదలవుతుంది. జారిపడ్డ బామ్మ ఒక కాలు పొట్టిగా కనిపిస్తూ, పాదం బయటికి తిరిగిపోయి ఉంటే తుంటి దగ్గర విరిగిందనే లెక్క. వయసు మీరింది, ఆపరేషన్‌ ఎందుకని మంచాన ఉంచడం ఇంకా ఉంది. కదలకుండా పడుకున్నకొద్దీ న్యుమోనియా, పడక పుళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం ఒక్కొక్కటిగా చుట్టుముడతాయి. ఒంటి పరిస్థితి అనుకూలిస్తే 48 గంటల్లోపు శస్త్రచికిత్స చేసి త్వరగా నిలబెట్టడమే మేలని వైద్యుల మాట.

ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే లెక్కే మారుతుంది. దాన్ని లోపలికి నెట్టకూడదు. పసుపు, కాఫీపొడి, సున్నం ఏదీ వేయకూడదు. ఉతికిన గుడ్డను శుభ్రమైన నీటితో తడిపి కప్పి, రక్తం కారుతుంటే గాయం పక్కన అదిమి పట్టాలి. యాంటీబయాటిక్‌ ఇంజెక్షన్‌ వీలైతే గంటలోపే పడాలి, ధనుర్వాతం టీకా తప్పనిసరి. గోరంత చీలికైనా విరిగిన ఎముక మీద ఉంటే దాన్ని చిన్నదిగా చూడకూడదు.

ప్రమాదం జరిగినచోట చేయాల్సింది నిజానికి కొద్దిగానే ఉంటుంది. మెడ, వెన్ను దెబ్బతిన్నట్టుంటే లేపి కూర్చోబెట్టకూడదు. కదపక తప్పకపోతే తల, భుజాలు, తుంటి, కాళ్లు నలుగురు పట్టుకుని మొద్దు దొర్లించినట్టు ఒకేసారి తిప్పాలి. ఆటోలో మడిచి కుక్కడం వల్ల నడవగలిగిన మనిషి నడవలేని మనిషవుతాడు. విరిగిన చెయ్యి, కాలు ఉన్న తీరులోనే ఉంచి, పైకీలు, కిందికీలు రెండూ కలిసొచ్చేలా బద్ద కట్టాలి. మడిచిన దినపత్రిక, అట్టపెట్టె ముక్క, గొడుగు బద్దగా పనికొస్తాయి. చున్నీ మెడకు కడితే చేతికి ఊయల అవుతుంది. ఏదీ దొరక్కపోతే దెబ్బ తగిలిన కాలిని మంచి కాలికే కట్టొచ్చు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, గడియారం, మెట్టెలు తీసేయాలి. బెణుకుకు గుడ్డలో చుట్టిన ఐస్‌ పదిహేను ఇరవై నిమిషాలు చాలు. 1978లో ఐస్‌, విశ్రాంతి సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన గేబ్‌ మర్కిన్‌ స్వయంగా తర్వాత, ఐస్‌ నొప్పిని తగ్గిస్తుందే గానీ మానడాన్ని త్వరపరచదని సవరించుకున్నాడు. మంచినీళ్లు, సోడా, టీ ఇవ్వకూడదు. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. కట్టు కట్టకముందు ఒకసారి, కట్టాక మరోసారి వేళ్లు చూడాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. ఇనుప దిమ్మె కింద గంటల తరబడి నలిగిన మనిషిని దిమ్మె తీసేముందే అంబులెన్స్‌ రప్పించడం మేలు. నలిగిన కండ నుంచి విషపదార్థాలు ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తాయని 1941లో లండన్‌ బాంబుదాడుల క్షతగాత్రులను పరిశీలించి ఎరిక్‌ బైవాటర్స్‌ వివరించాడు.

హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. ఆ అంబులెన్సులో బద్దలు, కాలర్లు, వాటిని వాడటం తెలిసిన మనిషి ఉంటారు. పోలీసు కేసు భయంతో తప్పుకోనక్కర్లేదు. సాయం చేసినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016 మార్చి 30న తీర్పిచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షన్‌ చేరింది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో వెలువడింది.

పంజాగుట్టలోని నిమ్స్‌ మొదట 1964లో నిజాం ఆర్థోపెడిక్‌ ఆసుపత్రిగా మొదలైంది. ఎముక వైద్యానికి ఈ నగరంలో చోట్లకు, చేతులకు కొదవ లేదు. అవన్నీ పనిచేయాలంటే ఇంటి దగ్గర ఒక్క మనిషి మెలకువగా ఉండాలి. కట్టుతో ఇంటికి వచ్చిన మొదటి రెండు రాత్రులు ఆ చేతినో కాలినో దిండు మీద గుండె మట్టానికి పెట్టండి. రెండు గంటలకొకసారి వేళ్లు కదిపించి చూడండి. నొప్పి పెరుగుతూ, వేళ్లు చాపబోతే ఓర్చుకోలేకపోతే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లి కట్టు కోయించండి, తెల్లారేదాకా ఆగకండి.